ఏటి బ్యాండు

ఆగస్టు పదమూడు. విజీనారం, కొత్తపేట సందు.
వాన వెలిసి గంటయింది.
బ్యాండు కొట్టు ముందు తాడు మీద ఎర్రకోట్లు
ఇంకా నీళ్ళు కారుస్తున్నాయి.
పతివాడ గురువులు క్లారినెట్ రీడుని
నాలిక మీద నానబెట్టి
ఎల్లుండి మా బడి జెండా కింద వాయించే పాట ఎత్తుకున్నాడు.

నేను సోషల్ మేష్టర్ని. అడ్వాన్సు ఇద్దామని వెళ్ళాను.
ఐదొందల నోటు చేతిలోనే ఉండిపోయింది.
"గురువులూ, ఇది మన పాట కాదు."

"కాదేటి బాబూ? మా అయ్య వాయించినది."

మూడు తరాల పెళ్ళికొడుకులు దీని మీదే కారు దిగారు,
గెలిచిన కౌన్సిలర్లు దండలు వేయించుకున్నారు,
సిరిమాను కదిలే మంగళవారం
జనం దీన్ని ఈలేసి మరీ అడుగుతారు.
ఊళ్ళో దీని పేరు రైలు పాట.

యుద్ధం రోజుల్లో నీళ్ళు పట్టడానికి ఆగిన మిలట్రీ బండి.
కిటికీలో ఓ అమెరికా కుర్రాడు, మౌతార్గానూ.
ప్లాట్‌ఫారం మీద గురువులు వాళ్ళయ్య
పార్వతీపురం పెళ్ళికి వెళ్ళే బండి కోసం.
ఒక కట్ట బీడీలకి ఒక పాట.
కాయితం లేదు, చెవిలోనే రాసుకున్నాడు.
ఆఖరి వరస సగంలో ఉండగా
గార్డు పచ్చజెండా ఊపేశాడు.

నాకు తెలిసింది నేను చెప్పాను.
ఆ దేశం ఇంకా దేశం కాని రోజుల్లో
దొరల సిపాయిలు పాడిన ఎగతాళి అది.
మాసిన గుడ్డల పల్లెటూరి పటాలాన్ని చూసి,
వీళ్ళకి వేషం రాదు, నడక రాదు, మర్యాద రాదని.
పల్లెటూరివాళ్ళు తిట్టుని గుంజుకుని
తమ డప్పుకి కట్టుకున్నారు.
దొరలు ఆయుధాలు కింద పెట్టిన రోజున
వాళ్ళ మొహాల మీదే వాయించారంటారు.
ఇప్పుడక్కడి పిల్లలు బళ్ళో నిలబడి పాడుకుంటారు,
అది తిట్టని తెలీకుండానే.

గురువులు నవ్వలేదు.
లేచి, పెద్ద డ్రమ్ము మీది గోనెపట్టా లాగాడు.
తెల్లతోలు మీద నీలం అక్షరాలు: ఏటి బ్యాండు.

"బెజవాడ పోటీల మైకోడు పేరడిగినాడు.
ఇనబడక, ఏటి? అన్నాను.
పందిరంతా ఒకటే నవ్వు,
సినిమాల పనోడు మాటాడినట్టు మాటాడినానని.
మూడ్రోజులూ అదే పిలుపు,
ఏటి బ్యాండు రావాలి, ఏటి బ్యాండు రావాలి.
కప్పు రానేదు.
తిరుగు పాసింజర్ల ఎవుడూ నోరిప్పనేదు.
కొత్తవలస దాటినాక మా డ్రమ్మోడు అన్నాడు,
రేపు పెయింటరు కాడికి ఎల్దామేటి?"

పట్టా మళ్ళీ కప్పుతూ
"అయితే ఆలు మనోలేనన్నమాట" అన్నాడు.
నేను తలూపబోయాను.
"మరి గెలిసినాక, బాబూ,
ఆలు ఇంకెవుల్నీ ఎక్కిరించనేదా?"

ఇరవయ్యారేళ్ళ సర్వీసులో
నా ప్రశ్నపత్రాల్లో ఎక్కడా లేని ప్రశ్న.

మూల సాలూరు కొండల నుంచి వచ్చిన కుర్రాడు
చింతపండుతో ఇత్తడి తాళాలు తోముతున్నాడు.
ఇందాకే సైడ్‌డ్రమ్ము ఆయన వాడి మాటని
వాడి ముందే సాగదీసి చూపిస్తే
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను.

గురువులు కూడా అటే చూస్తున్నాడు.

ఇంకేమీ మాట్లాడకుండా పాట మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.
రైలు కదిలిపోయిన చోట, అయ్యకి అందని ఆఖరి వరసని
వీళ్ళు ఎప్పుడో తప్పెటగుళ్ళ అడుగుతో పూడ్చుకున్నారు.
అక్కడికొచ్చేసరికి
కుర్రాడు తడి తాళాలు ఎత్తి
ఒక దెబ్బ ఆలస్యంగా కొట్టాడు.

సైడ్‌డ్రమ్ము ఆయన నోరు తెరిచాడు.
గురువులు క్లారినెట్ దించకుండానే
ఆ దెబ్బ దగ్గరికి వెనక్కి వెళ్ళి
ఈసారి వాడి కోసం ఆగాడు.